బోణీ ఫ్లాపీ

1988లో, వేసవి ముగిసి జిల్లా అంతా మబ్బుల వైపు చూస్తున్న రోజుల్లో, మా కంపెనీ నన్ను బెంగళూరు నుంచి అనంతపురానికి ఏరియా సర్వీసు ఇంజనీరుగా వేసింది. కంప్యూటర్లు అమ్మి, అమ్మినవాటిని బాగుచేసి పెట్టే కంపెనీ అది. పేరు చెప్పను, ఇప్పుడు లేదు కూడా. హోదా వినడానికి ఘనంగానే ఉండేది. ఏరియా అంటే జిల్లా మొత్తం, ఇంజనీరు అంటే నేనొక్కణ్ణే. కదిరిలో పుట్టినవాడు, ఎండకు తట్టుకుంటాడు, అక్కడి మాటలు వాడికి అర్థమవుతాయి అని నన్ను పంపారు. స్క్రూడ్రైవర్ల సంచి ఒక భుజానికి, ఫ్లాపీల డబ్బా ఒక చేతిలో, ఎర్రబస్సుల్లో నిలబడి తిరగడమే నా ఉద్యోగం.

ఫ్లాపీ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. అరచేతి కన్నా కొంచెం పెద్దదైన నల్లటి పలుచని తొడుగు, అందులో గుండ్రటి రేకు. లెక్కలు, ఉత్తరాలు అన్నీ దాని మీదే దాచుకునేవాళ్ళం. తొడుగు అంచున చిన్న గాటు ఉంటుంది. ఆ గాటు మీద బిళ్ళ అతికిస్తే యంత్రం దాన్ని చదవగలదు గాని దాని మీద రాయలేదు. బిళ్ళ లేకపోతే ఏదైనా రాయవచ్చు, మనకు తెలియకుండా కూడా. ఇంకొక్క సంగతి. ఆ రోజుల యంత్రానికి కరెంటు వేయగానే అది ముందు ఫ్లాపీ పెట్టే అరలోకి చూస్తుంది. అందులో ఫ్లాపీ ఉంటే దాని మొదటి భాగం చదివి, అక్కడ రాసి ఉన్న ప్రకారం పని మొదలుపెడుతుంది. లేకపోతేనే లోపలి హార్డ్‌డిస్కు దగ్గరికి పోతుంది.

ఆ ఏడాది దసరాకు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల సంఘం ఒకటి మా దగ్గర కంప్యూటర్ కొన్నది. సంఘం అధ్యక్షుడు గిరియప్ప. నలభై యాభై మగ్గాలకు ముడిపట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారు. ఆ యంత్రం బాధ్యత ఓబులేసుకు అప్పగించాను. అతను ఆ ఊరివాడే, నేతపని చేసే నారాయణప్ప కొడుకు, పాలిటెక్నిక్ చదివినవాడు. మా కంపెనీలో ట్రైనీగా నేనే పెట్టించాను. ట్రైనీ అంటే ఏడాది తరువాత పనితనం చూసి ఖాయం చేస్తారు, నచ్చకపోతే కారణం చెప్పకుండా పంపేస్తారు. నారాయణప్ప గిరియప్ప మగ్గాల్లోనే ఒకదాని మీద నేసేవాడు. కొడుకు అప్పుడప్పుడూ వచ్చి తన సావుకారు ఆఫీసులో, ఫ్యాను కింద, కుర్చీలో కూచుని పనిచేస్తాడంటే ఆయనకు ఒళ్ళంతా సంతోషమే.

మరుసటి ఏడాది ఎండాకాలంలో మొదలయ్యాయి తిప్పలు. తెర మీద ఒక చిన్న చుక్క ఎక్కడి నుంచో ఊడిపడి, గోడకు కొట్టిన బంతిలా ఈ అంచుకూ ఆ అంచుకూ తగులుతూ తిరగసాగింది. ఆఫీసులో టైపు, కంప్యూటర్ పని చూసే నాగమణి కేక పెట్టి లేచి నిలబడిందట. సాయంత్రానికి బజారంతా వచ్చి చూసి పోయారు. దాన్ని వైరస్ అంటారని మేము చెప్పాము. వాళ్ళు పురుగు అన్నారు. నిజం చెప్పాలంటే ఆ చుక్క వల్ల ఒక్క లెక్క పోలేదు, ఒక్క పేరు చెరగలేదు. కంటికి చికాకు తప్ప దానితో వచ్చే నష్టం దాదాపు లేదు.

దాన్ని తీసే పద్ధతి కూడా సులువే. యంత్రానికి కరెంటు పూర్తిగా ఆపాలి. బిళ్ళ అతికించిన శుభ్రమైన ఫ్లాపీతో మళ్ళీ లేపాలి. హార్డ్‌డిస్కు మొదటి భాగాన్ని కొత్తగా రాయాలి. ఆ తరువాత ఆఫీసులో ఉన్న ప్రతి ఫ్లాపీని ఒక్కొక్కటే పరీక్షించాలి. ఒక్కటి మిగిలినా మొదటికొస్తుంది. సరిగ్గా అదే సమయంలో బెంగళూరులోని మా పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. ఈ పని అంతా చేసే ప్రోగ్రాం ఒకటి రాయించి, టీకా ఫ్లాపీ అని పేరు పెట్టి, ప్రతి ఖాతాదారుకూ ఏడాది ఒప్పందం మీద అమ్మమన్నారు. బాగుచేసేవాడి చేతికే అమ్మకం కూడా అప్పజెప్పడం ఎంత తెలివితక్కువ పనో అప్పుడు వాళ్ళకు తట్టలేదు. ఇప్పుడు కూడా చాలామందికి తట్టదు.

ఓబులేసు వెళ్ళి చుక్కను తీసేశాడు. మర్నాడు అది మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళి తీశాడు. మళ్ళీ వచ్చింది. డబ్బాలో ఉన్న ఫ్లాపీలన్నీ బల్ల మీద పరిచి ఒక్కటీ వదలకుండా చూశాడు. ఇంకేమైనా ఉన్నాయా అని అడిగితే ఇంతే ఉండాయన్నారు. పాపం, తిండి కూడా మానేసి కూచున్నాడు. టీకా ఒప్పందం తీసుకుంటే మేలని, కంపెనీ చెప్పమన్న మాట ఒకటి చెప్పి వచ్చాడు. ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది.

ఆ జిల్లాలో వేరుశనగ వేసే రైతును ఎవరినైనా అడగండి, గొంగళిపురుగును చేలల్లోకి వదిలేది పురుగుమందుల అంగడివాళ్ళే అని అనుమానపడే మనిషి ఒకడైనా కనిపిస్తాడు. వానలు లేక, పంట రాక, వచ్చిన కాస్తా పురుగు పాలైతే మనిషికి ఎవరినో ఒకరిని తిట్టాలనిపిస్తుంది. నేను తప్పు పట్టను. ఆ అనుమానమే చేలల్లోంచి నడిచి వచ్చి మా ఫ్లాపీల డబ్బా మీద కూచుంది. గిరియప్ప నా ముందే ఓబులేసును నిలదీశాడు.

"ఏమప్పా ఓబులేసూ, నువ్వు వస్తే పోతాది, నువ్వు పోతే వస్తాది. ఏం కత ఇది? రోగమూ మీదే, మందూ మీదేనా?"

ఓబులేసు నా వైపు చూశాడు. "అన్నా, నువ్వన్నా సెప్పన్నా," అన్నాడు. నేను చెప్పాను. వైరస్ రాసేవాళ్ళు వేరే అనీ, ఎక్కడెక్కడి నుంచో ఫ్లాపీల మీద ఊరూరా తిరిగి వస్తుందనీ చెప్పాను. గిరియప్ప మర్యాదస్థుడు. అంతా విని, కాఫీ తెప్పించాడు. ఆ వారం నారాయణప్పకు కొత్త పట్టు ఇవ్వలేదు.

ధర్మవరంలో నేతగాడికి సావుకారు పట్టు ఆపడం అంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. ఎవరూ తిట్టరు, పొమ్మనరు. సరుకు రాలేదంటారు, వచ్చే వారం చూద్దామంటారు. ఇంకో సావుకారు దగ్గరికి పోతే, అక్కడ ఎందుకు ఆపినారో కనుక్కుని వీళ్ళూ అదే మాటంటారు. నారాయణప్ప రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఖాళీ మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూచునేవాడని ఓబులేసు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. బస్టాండులో, నలుగురి మధ్యలో, అంత చదువుకున్న పిల్లవాడు ఏడుస్తుంటే నాకు కోపం ఎవరి మీద చూపించాలో అర్థం కాలేదు.

ఇక నేనే చూడాలనుకున్నాను. ముందు రోజు దగ్గరుండి యంత్రాన్ని శుభ్రం చేయించి, రాత్రికి ధర్మవరంలోనే ఆగి, ఆఫీసు తలుపు తీసే వేళకు వెళ్ళి బెంచీ మీద కూచున్నాను. ఓబులేసును రావద్దన్నాను. నాగమణి వచ్చింది. కసువు ఊడ్చి, నీళ్ళు చల్లి, లక్ష్మీదేవి పటానికి పూలు పెట్టి, ఊదుబత్తి వెలిగించింది. ఆ పటం పక్క నుంచి పసుపు, కుంకుమ పెట్టిన ఒక ఫ్లాపీని తీసి కళ్ళకద్దుకుని, యంత్రం అరలో పెట్టి, అప్పుడు కరెంటు వేసింది. యంత్రం దాని మీదే లేచింది. ఆమె నమస్కారం చేసుకుని, ఆ ఫ్లాపీని తీసి మళ్ళీ దేవుడి దగ్గర పెట్టేసి పనిలో పడింది.

"అదేమిటమ్మా?" అన్నాను.

"బోణీ ఫ్లాపీ సార్. దసరా నాడు మిసను మొదలుపెట్టింది దీంతోనే గదా. రోజూ ముందు ఇదే పెట్టల్ల అన్నారు మా సావుకారు."

ఓబులేసు అడిగినప్పుడు ఇది ఎందుకు చూపించలేదని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. "అది దేవుని కాడ పెట్టిండేది సార్. పనికి వాడేది కాదు గదా," అంది. అబద్ధం చెప్పలేదు, దాచలేదు. అంగడి తెరవగానే తక్కెడకు దణ్ణం పెట్టుకునే ఊళ్ళో, కొత్త చీర మొదటి బేరం చెడగొట్టుకోని వ్యాపారుల మధ్య, మొదటి ఫ్లాపీకి బోణీ గౌరవం ఇవ్వడం ఎవరికీ వింత కాదు. దేవుడి గూట్లో ఉన్న వస్తువును ఫ్లాపీల లెక్కలో చేర్చడమే వాళ్ళకు తోచదు.

నా దగ్గరున్న శుభ్రమైన ఫ్లాపీతో యంత్రాన్ని మళ్ళీ లేపి, ఆ బోణీ ఫ్లాపీని పరీక్షించాను. చుక్క అందులోనే ఉంది. అంచున బిళ్ళ లేదు. చుక్క యంత్రంలో ఉన్న రోజుల్లో ఎప్పుడో, నాగమణి బోణీ మరిచిపోయి, యంత్రం లేచిన తరువాత గుర్తొచ్చి దీన్ని పెట్టి ఉంటుంది. అప్పుడు అంటుకుంది. ఆ తరువాత ఓబులేసు ప్రతిసారీ యంత్రాన్ని శుభ్రం చేయడం, ప్రతి ఉదయం పూజతో పాటు అది మళ్ళీ ఎక్కడం. అంతకు ముందు ఆ ఆఫీసులోకి ఎవరి ఫ్లాపీ మీద వచ్చిందో నాకు ఈరోజుకూ తెలియదు.

హమ్మయ్య, దొరికింది, పిల్లవాడు బయటపడ్డాడు అనుకున్నాను. గిరియప్పను పిలిపించి, ఆయన కళ్ళ ముందే ఆ ఫ్లాపీ పెట్టి చుక్కను రప్పించి చూపించాను. ఆయన ఆ పసుపు మరకలు చూపించి అడిగాడు.

"సారూ, ఈ ఫ్లాపీ దసరా నాడు మా చేతికి ఇచ్చినోడు ఎవరు?"

ఓబులేసే ఇచ్చాడు. రెండు చేతులతో ఇచ్చాడు. అందరూ చూశారు.

నేను మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. దసరా నాడే ఇందులో చుక్క ఉంటే ఆ రోజు నుంచే కనిపించాలి గదా, నెలల పాటు ఎక్కడికి పోయింది అన్నాను. గిరియప్ప తల ఊపాడు. "మీరు సెప్తాండేది నిజమే అయ్యుంటాది సారూ. ఎప్పుడు బయటికి రావల్లో గూడా రాసిపెట్టేవాళ్ళు ఉంటారంట గదా, మీలో," అన్నాడు. అలా రాయడం సాధ్యమే. అది ఆయనకు చెప్పింది నేనే, అంతకు ముందు ఒకసారి, కాఫీ తాగుతూ, పెద్ద తెలిసినవాడిలాగా.

సంఘం వాళ్ళు మా కంపెనీకి ఫిర్యాదు చేశారు. ఓబులేసు తప్పేమీ లేదని నేను సర్వీసు మేనేజరుకు పూర్తి నివేదిక పంపాను. మా వాళ్ళు ఖాతాదారును పోగొట్టుకోవడం ఇష్టం లేక, విచారణ అనే పేరు కూడా ఎత్తకుండా, ఉద్యోగం ఖాయం చేయడం లేదని ఓబులేసుకు చెప్పేశారు. ఊరివాళ్ళకు అదే రుజువైంది. తప్పు చేయకపోతే సొంత కంపెనీనే ఎందుకు తీసేస్తుంది? నేనే ఆ ఊళ్ళో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో.

ఆ వార్త చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఓబులేసు విని, సరే అన్నా అని, సైకిలు తీసుకుని బయటికి పోయాడు. నారాయణప్ప నాకు మంచినీళ్ళిచ్చి మగ్గం దగ్గరే కూచోబెట్టాడు. కొడుకు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అప్పా, నువ్వు సదువుకున్నోనివి. నిజం సెప్పు. నా కొడుకు ఆ పురుగును పుట్టించినాడా?"

ఊరు అడగడం వేరు, సావుకారు అడగడం వేరు, కన్నతండ్రి అడగడం వేరు. లేదు పెద్దాయనా, నీ కొడుకు పుట్టించలేదు, దాన్ని చంపడానికే అవస్థపడినాడు అన్నాను. ఎన్ని విధాలుగా చెప్పవచ్చో అన్ని విధాలుగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నా మీద కోపం లేదు, కొడుకు మీదా లేదు. చివరికి మగ్గం పలక మీద చెయ్యి వేసి అన్నాడు.

"నువ్వూ ఆ పనోనివే గదప్పా."

ఓబులేసు తరువాత రాయదుర్గం వెళ్ళి కుట్టుమిషన్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. మళ్ళీ కంప్యూటరు ముట్టలేదు. నారాయణప్ప ఇంకొక సావుకారు దగ్గర, తక్కువ కూలికి, మామూలు అంచు చీరలు నేశాడు. ఆయన పోయినప్పుడు నేను వెళ్ళాను. నువ్వు చేశావా లేదా అని తన తండ్రి తనను ఒక్కసారి కూడా అడగలేదని ఓబులేసు ఆ రోజు నాతో చెప్పాడు. అడిగి ఉంటే బాగుండేదన్నా, లేదని చెప్పి ఉందును గదా అన్నాడు. నన్ను అడిగాడన్న సంగతి నేను చెప్పలేదు.

ఆ తరువాత నేను పదవీ విరమణ చేసేదాకా ఒక నియమం పాటించాను. వైరస్ తీసేటప్పుడు నా చేతులు యంత్రం మీద పెట్టలేదు. ఖాతాదారు మనిషినే కూచోబెట్టి, వాళ్ళ ఫ్లాపీతో, వాళ్ళ చేతనే తీయించేవాణ్ణి. తీసే పని చేసేవాడు అమ్మే పని చేయకూడదని పై అధికారులతో పోట్లాడి, కొంతవరకు సాధించాను. మందు తెలిసినవాడికి రోగం చేయడమూ తెలిసి ఉంటుందని జనం అనుకుంటే అందులో అన్యాయం లేదు, చాలాసార్లు తెలిసే ఉంటుంది కూడా. అందువల్ల, నేను చేయలేదు అని మనం చెప్పే మాటకు ఈ వృత్తిలో విలువ లేదు. తోటివాడు మన తరఫున చెప్పినా లేదు.