గుంటమగ్గంలోంచి లేచేటప్పుడు

కంప్యూటర్ తెర మీద బంతి గిన్నెలోంచి లేచింది. కొద్దిగానే, కంటికి ఆనీ ఆననంత. కదలికను వెనక్కి తిప్పి మళ్లీ నడిపించాను. అదే చోట బంతి కింది లోహపు మెడ గిన్నె అంచుకు తగిలింది. బంతి వెనకవైపు జరిగింది. మనిషి ఒంట్లో ఇదే జరిగితే తుంటి జారిందంటారు. అది శుక్రవారం మధ్యాహ్నం. సాంబయ్యకు ఆపరేషన్ సోమవారం. ఆయన మళ్లీ మగ్గం మీద కూర్చోవచ్చని సర్జన్‌కు పంపాల్సిన రిపోర్టు నా బల్ల మీద ఉంది. సంతకం ఒక్కటే మిగిలింది.

అప్పటికి నేను వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ ప్రొఫెసర్‌ని. పదవీ విరమణ దగ్గరపడింది. శరీర కదలికల ప్రయోగశాల బాధ్యత నాది. సీటీ స్కాన్‌లోంచి ఎముకల ఆకారం తీసి కంప్యూటర్‌లో అస్థిపంజరాన్ని నిలబెడతాం. కండరాలను ఎముక నుంచి ఎముకకు కట్టిన తాళ్లలా అమరుస్తాం. ఇక మనిషి ఒంటి మీద మెరిసే చిన్న గోళీలు అంటించి, చుట్టూ పెట్టిన కెమెరాలతో అతని కదలికను పట్టి, అదే కదలికను ఈ అస్థిపంజరం చేత చేయిస్తాం. ఏ కండరం ఎంత లాగుతుందో, కీలు మీద ఎంత భారం పడుతుందో లెక్క తేలుతుంది. తుంటి మార్చబోయే వారికైతే లోహపు కాడ, బంతి, గిన్నె ముందుగా లెక్కలోనే బిగించి చూడవచ్చు.

సాంబయ్య కొత్తవాడలో జంపుఖానాలు నేసేవాడు. రక్తం అందక కుడి తుంటి బంతి చచ్చి కుంగిపోయింది. యాభై ఇంకా నిండలేదు. ఆయన నేసేది గుంటమగ్గం మీద. మగ్గం ముందు నేలలో గుంట ఉంటుంది. నేసేవాడు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న కర్రలను తొక్కుతుంటాడు. తుంటి మార్పించుకున్న వారెవరినీ నేల మీద కూర్చోవద్దనడం సర్జన్ల పద్ధతి. ఈయనకూ అదే చెప్పారు.

"ఆపరేషనైనంక కింద కూసునుడు బంద్ సాంబయ్యా. కుర్చీల కూసొని చేసే పనేదన్న చూసుకో."

"కుర్చీల నేను కూసుంట సారూ. మగ్గాన్ని ఎవలు కూసోవెడ్తరు?"

పక్కనున్న ఆయన భార్య అనసూయ నవ్వలేదు. "ఈయనకు మాటలకేం తక్కువలేదు. మగ్గం పోతే ఇద్దరం కూలికి పోవాలె సారూ. ఆ తుంటి జూసి ఈయనను ఎవలు పిలుస్తరు?"

సర్జన్ ఒక ప్రశ్నను మాకు పంపారు. గుంటలోకి కాళ్లు వదిలి కూర్చోవడం నేల మీద కూర్చోవడం కిందికొస్తుందా, కుర్చీలో కూర్చోవడం కిందికొస్తుందా? మా వర్క్‌షాప్ వడ్రంగి చెక్కతో ఎత్తైన వేదిక కట్టి, మధ్యలో గుంట వదిలి, మగ్గం చట్రం నిలబెట్టాడు. విభాగాధిపతి వచ్చి చూసి, "ఏందయ్యా, డిపార్ట్‌మెంటుకు తువ్వాళ్లు నేసిస్తవా?" అన్నారు. నొప్పి వల్ల సాంబయ్య తుంటి సరిగా వంగడం లేదు. ఒడ్డూ పొడుగూ ఆయనంతే ఉన్న తమ్ముడు సదానందాన్ని పిలిచాం. అతనిదీ అదే వృత్తి. గోళీలు అంటిస్తుంటే, "మా అన్న తుంటికి నా తుంటి జామీనా సారూ?" అని అడిగాడు.

అతని కదలికను సాంబయ్య ఎముకల మోడల్‌కు ఇస్తే లెక్క నిక్కచ్చిగా వచ్చింది. నేసినంతసేపూ తుంటి వంపు కుర్చీలో కూర్చున్నప్పటి కన్నా ఎక్కువ లేదు. రిపోర్టు తయారైంది. రికార్డింగులో పనికి ముందూ వెనకా ఉన్న భాగాలను కత్తిరించి, మధ్యభాగాన్నే లెక్కకు పంపడం మా ప్రయోగశాలలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఆ శుక్రవారం రిపోర్టులోకి ఒక బొమ్మ కావాల్సి వచ్చి అసలు రికార్డింగు తెరిచాను. నేయడం అయిపోయాక కూడా కెమెరాలు నడుస్తూనే ఉన్నాయి. చాయ్ వచ్చిందని ఎవరో కేకేశారు. సదానందం కుడి మోకాలు లోపలికి తిప్పి, పాదాన్ని పక్కనుంచి గట్టు మీదికి లాగి, ముందుకు వంగి లేచాడు. ఆ గుంటల్లోంచి చాలామంది అలాగే లేస్తారు. ఆ కొద్దిపాటి ముక్కను కూడా లెక్కకు పంపాను. బంతి లేచింది అక్కడే.

సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని దవాఖానకు వెళ్లాను. సర్జన్ అడిగితే గిన్నెను లెక్కలో కొంచెం ముందుకు తిప్పి చూపించాను. మెడ తగలడం పోయింది. కానీ నడిచేటప్పుడు భారం గిన్నె అంచుకు చేరింది. అంటే తొందరగా అరుగుతుంది. ఆయన రెండూ పోల్చి చూసి, గిన్నె మామూలు కోణంలోనే పెడతానని, లేచే పద్ధతే మార్చాలని తేల్చారు. మగ్గం మీది దూలానికి తాడు కట్టాలి. దాన్ని పట్టుకుని, రెండు కాళ్లూ కలిపి పైకి తెచ్చి, నడుమూ కాళ్లూ ఒకేసారి తిప్పి లేవాలి. శనివారం సదానందం చేత అలా లేపించి రికార్డు చేశాం. బంతి కదలలేదు. రిపోర్టులో కూర్చోవచ్చన్న వాక్యం కింద లేచే పద్ధతి రాసి సంతకం పెట్టాను.

సాంబయ్యకు అంతా వివరించాం. "పోరగాన్నప్పటి సంది ఇట్లనే లేస్తాన సారూ. నాకైతే యాదుంటది. కాలికి యాదుంటదా?" అన్నాడు.

"మర్సిపోతే యాది జేసెతందుకు నేను లేనా" అంది అనసూయ.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని నెలల తర్వాత ఆయన మగ్గమెక్కాడు. పరీక్షకు వచ్చిన ప్రతిసారీ మా వేదిక మీద తాడు పట్టుకుని, చెప్పింది చెప్పినట్టు లేచేవాడు. ఎక్స్‌రేలూ బాగున్నాయి. మా ప్రయోగశాలలో రికార్డింగుల మొదళ్లూ చివరలూ కత్తిరించడం మానేశాం. కీలుకు వచ్చే ప్రమాదం పనిలోనే ఉండాలని లేదు, పనిలోకి దిగడంలోనూ పనిలోంచి లేవడంలోనూ ఉండవచ్చు. నాకు ఈ కేసు నేర్పింది అదే. ఆ మోడల్‌కూ ఒక హద్దుంది. కెమెరాల ముందు జరిగిందే దానికి తెలుస్తుంది.

పదవీ విరమణ తర్వాత ఒక జంపుఖానా కొనడానికి వాళ్లింటికి వెళ్లాను. సాంబయ్య గుంటలో కూర్చుని నేస్తున్నాడు. దూలానికి తాడు ఉంది. దాని కింది కొసను గోడ మేకుకు లాగి కట్టారు. దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి. నేను అటు చూడటం గమనించి, "లేచేటప్పుడు తీస్తం సారూ" అంది అనసూయ. సాంబయ్య నవ్వి పోగుల మధ్యకు నాడె విసిరాడు. నాకు చాయ్ ఇచ్చారు, ఆయన కప్పు మాత్రం మగ్గం దగ్గరికే వచ్చింది. నేనున్నంతసేపూ ఆయన గుంటలోంచి లేవలేదు.