పెనుకొండ అక్క ఇంగ్లీషు నోటుబుక్కు

నాకు ఇంగ్లీషు బాగా వచ్చని మా స్టాఫ్‌రూములో అందరూ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా పెనుకొండ అక్క గుర్తొస్తుంది. నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆమెకు ఒంట్లో బాగాలేదన్న సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది నాకు. కళ్ల ముందే రాసి పెట్టినా తెలుసుకోలేకపోయాను.

తొంభైల చివరి మాట. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. డిగ్రీ అయ్యాక హిందూపురంలో ఒక మాస్టరు దగ్గర నాలుగు నెలల ఇంగ్లీషు కోర్సులో చేరాను. చివర్లో పరీక్ష పెడతాడు. అందులో నెగ్గినవాళ్లను ఇంగ్లీషు మీడియం స్కూళ్లకు టీచర్లుగా సిఫారసు చేస్తాడు. పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. అదే క్లాసుకు ఆమె పెనుకొండలో ఎక్కేది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద, బడికి పోయే కూతురున్న మనిషి. నేను కిటికీ పక్కన చోటు ఆపి ఉంచేదాన్ని, ఆమె ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చేది.

మాస్టరు కోర్సంతా క్రియల మీదే నడిపేవాడు. మనకు 'చూడు' ఒక్కటుంటే చాలు. వాళ్లకు లుక్ వేరు, సీ వేరు, వాచ్ వేరు. లుక్ పక్కన ఫర్ పెడితే వెతకడం, ఆఫ్టర్ పెడితే సాకడం. ఇట్లాంటివి రోజుకో గుంపు ఇచ్చి, ఐదు సొంత వాక్యాలు రాసుకురమ్మనేవాడు. గైడులోంచి ఎత్తిరాస్తే ఆ పేజీ చింపేసేవాడు. "నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో అదే రాయండి. అప్పుడే బుర్రకెక్కుతుంది" అనేవాడు. అందుకని రైల్లో నేనూ ఆమే నోటుబుక్కులు మార్చుకొని, హిందూపురం వచ్చేలోగా తప్పులు దిద్దుకునేవాళ్లం. నా చేతిలో ఎర్ర పెన్ను ఉండేది.

"మా ఇంట్లో ఎవురికీ ఇంగ్లీషు రాదు పాపా. ఏమి రాసుకున్నా అడిగేవాళ్లు ల్యారు" అని మొదటి వారంలోనే నవ్వుతూ చెప్పింది.

దిద్దడం మాత్రం ఆమెకు చేతనయ్యేది కాదు. నా వాక్యాలు చదివి, "మీ నాయనకు దగ్గు తగ్గిందా?" అనేది. "మీ అవ్వ కన్ను ఆపరేషన్‌కి ఒప్పుకుందా?" అని అడిగేది. నేను సే రాయాల్సిన చోట టెల్ రాసి ఉంటే అది ఆమెకు కనపడేదే కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. "మా నాయన సంగతి మళ్లీ మాట్లాడుకుందాం, ముందు తప్పులు చూడక్కా" అని కసిరేదాన్ని. "చూస్తాండాలే" అనేది, చూసేది కాదు. ఇట్లాంటి జత దొరికిందేమిట్రా దేవుడా అనుకునేదాన్ని.

ఒకరోజు నీళ్ల బిందెతో పడిపోయానని రాసుకొచ్చింది. 'ఫెల్ ఆఫ్' అని రాసింది. నేను గీత కొట్టి చెప్పాను. "ఎత్తు మీద నుంచి పడితేనే ఆఫ్ వస్తుందక్కా. నువ్వు మెట్టు మీద నుంచి పడినావా, ఉట్టి నేల మీద నిలబడి పడినావా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "నేల మీదే. ఊరికే నిలబడుకోనుండి పడినా" అంది.

"అయితే ఫెల్ డౌన్" అని రాసి టిక్కు పెట్టాను. ఊరికే నిలబడిన మనిషి ఎందుకు పడిందని అడగలేదు. అసలు ప్రశ్నకు అంత దగ్గరగా వచ్చి వెనక్కి తిరిగాను.

హిందూపురం స్టేషన్లో పట్టాలు దాటే వంతెన మెట్లు ఎక్కుతూ ఆమె మధ్యలో ఆగేది. క్లాసుకు ఆలస్యమవుతోందని నేను ముందు పోయేదాన్ని. పైనుంచి చూస్తే రెయిలింగు పట్టుకొని నిలబడి, నువ్వు పో అని చెయ్యి ఊపేది.

మూడో నెలలో వాయిదా వేయడానికి, రద్దు చేయడానికి వాడే మాటలు వచ్చాయి. ఆమె అనంతపురం పెద్దాసుపత్రికి పోవడం గురించి రాసింది. 'కాల్ ఆఫ్' అని పెట్టింది.

"కాల్ ఆఫ్ అంటే మొత్తానికి వద్దనుకోవడం. పుట్ ఆఫ్ అంటే తర్వాత చేయడం. నీది ఏదక్కా?" అన్నాను.

"పరీక్ష అయినాంక పోదామనుకుంటాండా. ఇప్పుడు ఇంట్లో చెబితే క్లాసు మాన్పిస్తారు."

"అయితే పుట్ ఆఫ్" అన్నాను. ఆమె ఆ మాటను రెండుసార్లు నోట్లోనే అనుకొని, పాత మాట మీద శుభ్రంగా రాసుకుంది. ఆసుపత్రి ఎందుకని నేను అడగలేదు. ఇంకా మూడు వాక్యాలు మిగిలాయి, రైలు హిందూపురం దగ్గరకు వచ్చేసింది.

ఆ తర్వాత శుక్రవారం, ఆమె నోటుబుక్కులో మొదటిసారి ఒక్క తప్పు కూడా లేదు. మెట్ల మీద ఊపిరి అందడం లేదని, రాత్రి రెండు దిండ్లు లేకపోతే పడుకోలేకపోతున్నానని, కాళ్లు వాచాయని, కూతురి జడ వేయడానికి కూడా చేతులు లేవడం లేదని, ఇంట్లో ఎవరికీ చెప్పలేదని ఐదు వాక్యాలు. ప్రతి క్రియా ఉండాల్సిన చోటే ఉంది. నేను ఐదుకు ఐదు వేసి, కింద గుడ్ అని రాసి చూపించాను. ఆమె ఆ పేజీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. ఆ సాయంత్రం దిగే తొందరలో నోటుబుక్కులు మారిపోయాయి.

సోమవారం ఆమె ఎక్కలేదు. మంగళవారమూ లేదు. పరీక్ష దగ్గరపడింది, నా పుస్తకం ఆమె దగ్గర ఉండిపోయిందని నాకు ఒళ్లు మండింది. రాగానే అడిగేయాలని మాటలు కూడా కూడగట్టుకున్నాను. వారం దాటాక పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ఒకాయన కిటికీ కిటికీకీ వంగి చూస్తూ వచ్చాడు. చేతిలో నా నోటుబుక్కు ఉంది. ఆమె భర్త అని చూడగానే అర్థమైంది.

"బేస్తవారం పోయిందమ్మా" అన్నాడు. "గుండె. చాన్నాళ్ల నుంచి ఉండాదంట, డాక్టరు చెప్పినాడు. నీ పుస్తకం నీకిచ్చేయమని రెండుసార్లు చెప్పింది."

పుస్తకం అందుకున్నాను. ఆయన కిటికీ ఊచ వదల్లేదు.

"మాకు ఒక్క మాట చెప్పలేదు. దినామూ మీరిద్దరూ కూర్చోని మాట్లాడుకుంటాంటిరి కదా. నీకేమన్నా చెప్పిందా పాపా?"

ఆమె నోటుబుక్కు నా ఒళ్లో సంచిలోనే ఉంది.

"లేదన్నా" అన్నాను. "నాకేమీ చెప్పలేదు."

ఆయన తల ఊపి ఊచ వదిలాడు. బండి కదిలింది.