వ్యా. నలభై ఐదు

మీ తప్పును చివరిసారి ఎవరి మూఢనమ్మకం మీదికి నెట్టారు?

నేను నెట్టాను. ఎనభైల చివర్లో బళ్ళారి కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. హగరి దారిలో ఒక షెడ్డులో గనుల పంపు షాఫ్టులకు, పొడిని మంటలో కరిగించి చిమ్మే ప్లాస్మా గన్‌తో పూత వేసేవారు. మంట ఎంత ఉండాలో లెక్క కట్టి ఇచ్చింది నేనే.

ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక నువ్వుండ. కోబాల్టు బెల్లం, కార్బైడు నువ్వులు. మంటలోంచి దూసుకుపోయే ఆ రెప్పపాటులోనే బెల్లం కరగాలి, నువ్వులు మాడకూడదు. రేణువు లోపలికి వేడి ఎంత వేగంగా పాకుతుందో కాలేజీ కంప్యూటరులో లెక్కించి, ఒక చీటీ రాసి పంపాను.

మొదటి షాఫ్టు పూత పెచ్చులుగా ఊడింది. ఊడిన పెచ్చును చూస్తే నువ్వులు మాడాయి. గన్‌కు నిమ్మకాయ కట్టి ఉంది. నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆపరేటరు పూజ చేస్తూ మంట మీద ధ్యాస వదిలేశాడని యజమానికి చెప్పాను.

యజమాని ఆపరేటరు వైపు తిరిగాడు. "ఏమప్పా, సోమవారం నుంచి నువ్వు రావాల్సిన పని లేదు."

ఇరవై ఏళ్ళు వెల్డింగు చేసి వచ్చిన మనిషి. గొంతు పెంచలేదు. జేబులోంచి నా చీటీ తీసి నా ముందర పెట్టాడు.

"సార్, ఈడ మీరు 'వ్యా. నలభై ఐదు' అని రాసినారు. నలభై ఐదు మైక్రాన్ల జల్లెడే పట్టినా. యాడ తప్పు చేసినానో చెప్పండి."

"వ్యా అంటే వ్యాసార్ధం కదయ్యా. రేణువు తొంభై ఉండాలి."

"మా కన్నడ బడిలో సగానికి త్రిజ్య అంటారు సార్. వ్యాస అంటే ఈ కొన నుంచి ఆ కొనకు. మీరు పేపర్లకు వ్యాసాలు రాస్తాంటారు కదా, ఇదీ పూర్తిగా రాసింటే అయిపోతాండె."

చీటీ మళ్ళీ చదివాను. వ్యాసం సగమైతే వేడెక్కే కాలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మాడక ఏం చేస్తుంది? మూఢనమ్మకాల మీద ఊరూరా వాదించిన నేను, ఒక నిమ్మకాయ కనిపించగానే విచారణ మానేశాను. అదీ మూఢనమ్మకమే.

యజమాని ఎదుటే తప్పు నాదని చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్నూ, ఒక్క క్షణం నిమ్మకాయనూ చూశాడు. "అట్లయితే ఇద్దరూ కలిసి సరి చేయండప్పా" అన్నాడు. నలభై ఐదు వ్యాసంతో మళ్ళీ లెక్కించి, కరెంటు తగ్గించాం. రెండో షాఫ్టు మీద ఆపరేటరు సుత్తితో కొట్టాడు. పూత ఊడలేదు, ఖంగుమంది. అతను నవ్వాడు. సోమవారం అతను ఎప్పటిలాగే పనిలోకి వచ్చాడు.

నిమ్మకాయ ఏమీ చేయదని ఇప్పటికీ అంటాను. ఆ రోజు చెడు కూడా చేయలేదు.

మీరు నింద వేసిన మనిషి ఒకరు గుర్తొచ్చే ఉంటారు. లేవండి. మీ చీటీ తీసి, అతని ఎదుట కూర్చుని, మొదటి మాట నుంచి చదవండి.