‘పైలం’కు వచ్చిన జవాబు

2011. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, సినిమా షూటింగుల్లో సౌండ్ రికార్డ్ చేసే పనిలో అప్పుడే కుదురుకుంటున్నాను. మా నిర్మాతను అందరూ చైర్మన్ సార్ అనేవారు. తరిగొప్పుల దగ్గరి పల్లెలో పుట్టి, మహబూబాబాద్‌లో గ్రానైట్ ఫ్యాక్టరీ పెట్టి, జనగామ రాజకీయాల్లోకి వచ్చి, చివరికి సినిమా తీస్తున్నారు. ఆయన మాట మాత్రం రేడియో వార్తల్లా ఉండేది. వ్యాపారం కోసం నేర్చుకున్న ఆ భాషే వేదిక మీదా వస్తుందని కార్యకర్తలు చాటుగా నవ్వుకునేవారు.

చైర్మన్ సార్‌తో కలిసి భూపాలపల్లి దాటి కాళేశ్వరం వెళ్లాం. గోదావరి ఒడ్డున ఉదయం. పొగమంచులో పడవ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. ఉద్యమంలోకి పోతున్న కొడుకును తల్లి సాగనంపే షాట్. కొడుకు వీపు మాత్రమే కనిపిస్తుంది. తల్లి వేషం మహబూబాబాద్‌లో బట్టలు కుట్టే రజియక్కది. నీళ్లలోకి కొంచెం నడిచి, "పైలం బిడ్డా" అంది. మా దగ్గర పైలం అంటే జాగ్రత్త. హెడ్‌ఫోన్స్‌లో ఆ మాటతో పాటు నీళ్లు, గాలి, దూరంగా పడవ ఇంజన్ వినిపించాయి. కెమెరా వెనక నుంచి ఒక మగ గొంతు కూడా: "మంచిదవ్వా." సరే అమ్మా అని.

మళ్లీ తీయాలని చేయెత్తాను. డైరెక్టర్ పట్టించుకోలేదు. లొకేషన్‌లో పట్టేది పైలట్ ట్రాక్, అంటే చిత్తుప్రతి లాంటిది. అసలు మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్పిస్తారు.

డబ్బింగ్ స్టూడియోలో రజియక్క ఎన్నిసార్లు చెప్పినా తెర మీది పెదవులకు మాట కలవలేదు.

"వేరే ఆర్టిస్ట్‌తో ‘జాగ్రత్త నాన్నా’ అనిపిద్దాం. పైలం ఎవరికి అర్థమవుతుంది?" అన్నారు డైరెక్టర్.

"మొకం నాదుంచి గొంతు ఇంకెవలదో పెడ్తరా సారూ?" అంది రజియక్క. "మా గల్లీల అందరికి చెప్పుకున్న. టాకీస్‌ల నేను నోరు తెరిస్తే ఇంకెవలో మాట్లాడితె, నా మనుమరాలే నమ్మది."

"పైలట్ ట్రాక్ వాడదామంటే అందులో ఎవడో అడ్డొచ్చాడమ్మా."

వెనక కూర్చున్న చైర్మన్ సార్ లేచి వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని విన్నారు.

"ఎవరయ్యా మధ్యలో?"

"మీరే సార్."

"నేనా? నేను అలా మాట్లాడను."

మళ్లీ వేశాను. ఈసారి ఆయన పెదవులు కదిలాయి.

"మా అవ్వ గిట్లనే అనేది," అన్నారు. "బస్సు మలుపు తిరిగేదాంక."

ఆయన నోట ‘గిట్ల’ వినడం నాకు అదే మొదటిసారి.

"ఆ గొంతు ఆమె మాట చివరనే పడింది సార్. దాన్ని తీస్తే ‘బిడ్డా’ కూడా పోతుంది," అన్నాను.

"తియ్యకు. ఇద్దరిది ఉంచు." డైరెక్టర్ వైపు తిరిగారు. "కొడుకు జవాబు అనుకుంటరు. కొడుకుదే గద."

రజియక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా డైలాగ్‌ల జొర్రిండ్రు. ఇగ పోస్టర్‌ల గూడ నా పక్కకు నిలవడ్తరా ఏంది సారూ?"

సినిమా జనగామలో ఎక్కువ రోజులు ఆడలేదు. నేను వెనక వరుసలో కూర్చుని చూశాను. తెర నిండా మంచు. రజియక్క "పైలం బిడ్డా" అంది. సార్ గొంతు నాకు విడిగా వినిపించలేదు. చీకట్లో అక్కడొకరు, ఇక్కడొకరు తమకు తెలియకుండానే "మంచిదవ్వా" అన్నారు. ఆయనది వాళ్ల గొంతుల్లో కలిసిపోయింది.

అక్కర్లేని శబ్దాన్ని ఇప్పటికీ నాయిస్ అనే అంటాను. కాని కత్తిరించే ముందు, అది ఎవరికి జవాబో ఒకసారి వింటాను.