మిర్చి ఘాటు అనుకున్న కన్ను

కంట్లో చుక్క వేసుకున్న నిమిషానికి గొంతులోకి చేదు దిగుతుంది. ఇన్నేళ్లుగా పొద్దున్నే నా నోటికి తెలిసే మొదటి రుచి అదే, చాయ్ ఆ తర్వాతే. ఆ చేదు దిగినప్పుడల్లా జానీ చాచా గుర్తొస్తాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో రైతుల బస్తాలు తూచే దడ్వాయి ఆయన. మా తండా నుంచి వెళ్లి ఆ పనిలో చేరిన నాకు కాంటా పట్టడం నేర్పింది ఆయనే. ఎండైనా వానైనా నల్లద్దాలు తీసేవాడు కాదు. హమాలీలు "హీరో వచ్చిండు" అని ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు. నేనూ అది షోకే అనుకున్నాను, తెలివితక్కువవాణ్ణి.

నాకు కెరటోకోనస్. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర పలచబడి, కోసుగా ముందుకు పొడుచుకొస్తుంది. ఎడమ కన్ను గట్టి లెన్సుతో పనిచేసేది. కుడికంట్లో లెన్సు నిలిచేది కాదు, కాంటా మీది ఒక్కో అంకె మూడుగా కనిపించేది. చనిపోయినవారి కంటి నుంచి తీసిన పొర వేయాలని, ఎప్పుడన్నది నా ఇష్టమేనని హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. ఆ ఇష్టమే నా ప్రాణం తీసింది. అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన రోజులు. "రాష్ట్రం వచ్చినంక చేయించుకోరాదు" అని ఒకరు, "మంచి పనికి ఆలస్యమేంది" అని ఒకరు, తలో మాట. విసుగెత్తి, సరిగ్గా మిర్చి సీజన్ నడుమ ఆపరేషన్‌కు తేదీ తీసుకుని వచ్చాను. నెల తిరగ్గానే మళ్లీ కాంటా పడతానని చాచాతో గొప్పగా చెప్పాను కూడా.

ఆయన నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి అద్దాలు తీశాడు. కుడి కన్ను ఉడికిన గుడ్డులా తెల్లగా ఉంది. ఆరేళ్లు ఈ మనిషి పక్కనే నిలబడ్డాను!

"ఇది గూడ మార్చిన కన్నే, బేటా. నీదీ నాదీ ఒకటే బీమారి" అన్నాడు. "రెండేండ్లు మంచిగ కనవడ్డది. ఒక సీజన్ల ఎర్రబడ్డది. మిర్చి ఘాటు అనుకున్న. యార్డుల ఎవని కన్ను ఎర్రగ లేదు చెప్పు? నీళ్లు కొట్టుకుంట వారం దాక తూకమేసిన. దవాఖానకు పోయేసరికి పొర చచ్చిపోయింది."

అద్దాలు మళ్లీ పెట్టుకుంటూ అన్నాడు: "ఆపరేషన్ ఎప్పుడని అందర్ని అడుగుతున్నవ్. కన్ను ఎర్రబడ్డనాడు దవాఖానకు ఎట్ల పోతవో, గది ఎవర్నన్న అడిగినవా?"

అడగలేదు. తేదీ మార్చుకున్నాను. సీజన్ ముగిశాకే ఆపరేషన్ అయింది. ఆ తర్వాత నన్ను యార్డు గేటు కూడా దాటనివ్వలేదు చాచా. అయినా నాలుగో నెలలో ఒక బంద్ రోజున, వెలుతురు చూస్తే కంట్లో పొడిచినట్టయింది. అద్దంలో చూస్తే ఎర్రజీర. దుమ్ము పడిందేమో, రేపు చూద్దామనుకున్నాను. అంత విన్నా నా బుద్ధి అంతే! ఫోన్‌లో సంగతి విన్న చాచా గంటలో కిరాయి కారుతో దిగాడు. రైళ్లన్నీ మానుకోటలోనే ఆగిపోయి ఉన్నాయని హైదరాబాద్‌కు రోడ్డు మీదే బయల్దేరాం. జనగామ దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చున్న యువకులు కారు ఆపారు. "బంద్ అంటే బందే, చాచా" అన్నారు. ఆయన దిగి, అంతమంది ముందు అద్దాలు తీశాడు.

"తెలంగాణ నాగ్గూడ గావాలె. కానీ వీని కన్ను గిట్ల గావొద్దు."

యువకులు లేచి దారి ఇచ్చారు. ఒకతను మోటారు సైకిల్ మీద ముందు వెళ్తూ ఇంకో రెండుచోట్ల మమ్మల్ని దాటించాడు.

కొత్త పొరను ఒళ్లు ఒప్పుకోవడం లేదని, అదే రోజు వచ్చాను కాబట్టి దక్కుతుందని డాక్టరు చెప్పి, గంటగంటకూ చుక్కలు వేయించాడు. దవాఖాన బెంచీ మీద కూర్చున్నాక అడిగాను, "రెండోసారి గూడ ఏస్తరట గదా చాచా, నువ్వెందుకు ఏయించుకోలే?"

"ఎవరో సచ్చిపోతే, ఇంటోల్లు ఏడ్సుకుంటనే ఇచ్చిన కన్ను" అన్నాడు. "నేను నీళ్లు కొట్టి పాడుజేసిన. ఇంకోటి ఇయ్యుండ్రని ఏ మొఖంతోని అడగాలె?"

ఆయనకు దారి తెలియక కాదు, డబ్బు లేక కాదు. సిగ్గుతో ఒంటికన్నుతోనే ఉండిపోయాడు.

చాచా ఇప్పుడు లేడు. నా కన్ను కాస్త ఎర్రబడితే చాలు, ఎంత పనున్నా వదిలేసి ఆ రోజే దవాఖానకు పోతాను. రెండుసార్లు ఉత్త దుమ్మేనని డాక్టరు నవ్వాడు. నవ్వనీ. కానీ ఆ బెంచీ మీద "అది నీ తప్పు గాదు చాచా" అని నేను అనాల్సింది. పక్కనే కూర్చుని, కాపాడిన కంటికి చుక్కలు వేయించుకుంటూ, ఆ ఒక్క మాట అనలేకపోయాను.