సాయిలు సంతకం

తన ఊరు హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్‌కు షేర్ ఆటో నడిపే సాయిలు చదివింది ఏడో తరగతే. అయినా పూర్తిగా చదవనిదే ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. కొత్త ఆటో కొన్ననాడు షోరూమువాళ్లిచ్చిన కాగితాలన్నీ కూడబలుక్కుని చదివేసరికి, వెంట వచ్చిన బావమరిది అంతయ్య రెండుసార్లు చాయ్ తాగొచ్చాడు.

సాయిలు కూతురు సాహిత్య మొయినాబాద్‌లో తొమ్మిదో తరగతి. ఈ ఏడు వాళ్ల బడిలో కొత్త నియమం పెట్టారు. ఇంటిపనికి ఏఐ సాయం తీసుకోవచ్చు. కానీ దాన్ని దేనికి వాడారో, అది చెప్పింది నిజమని ఎలా తేల్చుకున్నారో చివర్లో రాయాలి. కింద ఇంటి పెద్దలు సంతకం చేయాలి.

ఆదివారం మధ్యాహ్నం సాహిత్య ‘మా ఊరు’ వ్యాసం తెచ్చి తండ్రి చేతిలో పెన్ను పెట్టింది.

“బాపు, జర జల్ది సంతకం పెట్టు.”

“ఆగు బిడ్డా, చదవనియ్యి.”

రెండో పేరాలో సాయిలు వేలు ఆగిపోయింది.

“మన ఊర్ల నగల షాపులు, పెద్ద పెద్ద హోటళ్లు ఉన్నయా? ఎప్పుడు పెట్టిన్రే? నాకు ఒక్కలు గూడ చెప్పలే!”

సాహిత్య కాగితం లాక్కుని చూసింది. ఏఐ రాసిచ్చింది తమ ఊరి గురించి కాదు, అదే పేరున్న పట్నంలోని హిమాయత్‌నగర్ గురించి! ముందు ముఖం చిన్నబోయింది, ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది.

“చూసి రాసిన గని, చదవలే బాపు.”

“మరి నేనెట్ల పెట్టాలె సంతకం? ఎప్పుడియ్యాలె ఇది?”

“బుధవారం.”

“అయితే ఫికర్ లేదు. పొద్దుగాల ఆటోల కూసో. ఎక్కేటోళ్లంత మన ఊరోళ్లే, అడుగు.”

ఊరి గురించి పెద్దవాళ్లను ఏమేం అడగాలో చెప్పమని సాహిత్య ఈసారి ఏఐనే అడిగింది. అది పది ప్రశ్నలిచ్చింది. పనికొచ్చే నాలుగు ఉంచుకుంది. సోమవారం కొత్తిమీర మూటతో ఎక్కిన సంగమ్మ, ఏ చేను ఎప్పుడు ఫామ్‌హౌస్ అయిందో వరసగా చెప్పింది. ఊరికి మొదటి బస్సు ఎప్పుడొచ్చిందన్న దగ్గర ఆమెకూ మేస్త్రీ ప్రేమదాసుకూ వాదన పడింది. ఆ ఊపులో ప్రేమదాసు దిగాల్సిన చోటు దాటిపోయాడు.

మంగళవారం సాయంత్రం వ్యాసం తయారైంది. చివర్లో సాహిత్య ఇలా రాసింది: “ప్రశ్నల కోసం ఏఐని అడిగాను. ముందు అది రాసిచ్చిన వ్యాసం వేరే హిమాయత్‌నగర్‌ది. నేను చూసుకోలేదు, మా నాన్న పట్టుకున్నాడు. ఇది మా ఊరివాళ్లను అడిగి నేనే రాసింది. బస్సు వచ్చిన సంవత్సరం మాత్రం ఇంకా తేలలేదు.”

సాయిలు అక్షరం వదలకుండా చదివి, తన పేరు గుండ్రంగా రాశాడు.

గురువారం బడి నుంచి వస్తూనే సాహిత్య ఆటో దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

“బాపు, లిదియా టీచర్ చివరి లైన్లు క్లాసుల చదివింది! చదవంగనే ముగ్గురు లేచి, మా పేపర్లు వాపస్ ఇయ్యున్రి టీచర్, మేం గూడ చదవలే అన్నరు!”

సాయిలు పడీపడీ నవ్వాడు. ఎక్కబోతున్న ఇద్దరిని ఆపి మరీ, వాళ్లకు ఆ సంగతి కూతురితో మొదటినుంచీ చెప్పించాడు.