దారం లేని చక్కెర పేర్లు

సుందరబాయికి బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్నదల్లా ఈర్ష్య ఒక్కటే, అది అరవై రెండేళ్లుగా ఏ మందుకీ లొంగకుండా నిగనిగలాడుతూ ఉంది. గల్లీలో ఎవరికైనా మంచి జరిగిందని చెవిన పడితే చాలు, ముందు "గదేం గొప్ప" అంటుంది. ఆ తర్వాత కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "పూనమ్, జర సల్ల తే బిడ్డా" అని కోడలిని కేకేస్తుంది. మంట చల్లారేదాకా మజ్జిగ తాగుతుంది. ఆ ఇంట్లో ఈర్ష్యను గ్లాసుల్లో కొలుస్తారు. పక్కింటివాళ్లు కూలర్ కొంటే ఒక గ్లాసు, ఎదురింటి పిల్లకు సర్కారీ నౌకరీ ఉన్న పిల్లగాడు కుదిరితే రెండు.

ఎనిమిదేళ్ల కింద దెగ్లూర్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో పూనమ్‌కు సంగతి తెలియదు. అత్తమ్మకు ఎసిడిటీ ఉన్నట్టుంది, డాక్టరుకు చూపిద్దామా అని మామను అడిగింది. విశ్వేశ్వర్‌కు ఇత్వారా బజారులో గిన్నెల దుకాణం. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "గది ఎసిడిటీ కాదు బిడ్డా, ఎదురింటోళ్ల ఫ్రిజ్" అన్నాడు.

సుందరబాయి ఈర్ష్యకు ఫ్రిజ్జులూ కూలర్లే కావాలని లేదు, జబ్బయినా సరిపోతుంది. మూలమీది నాగనాథ్‌కు మోకాలి ఆపరేషన్ అయి, గల్లీ అంతా ఆయన మోకాలి గురించే మాట్లాడుకుంటుంటే ఆమె తట్టుకోలేకపోయింది. "గదేం గొప్ప, నాకు రెండు మోకాళ్లు నొస్తయి" అంది. దవాఖానాలో ఆయనకేం తిండి పెడుతున్నారో చూసొస్తానని బయల్దేరి, ఆ తిండి తన వంటకంటే బాగుందో లేదో తేల్చడానికి జొన్నరొట్టెల డబ్బా కూడా పట్టుకుపోయింది. ఆ పోలిక ఒక్కరోజులో తేలలేదు. నాగనాథ్ ఇంటికొచ్చేదాకా రోజూ డబ్బా పోయింది.

మయూర్ అనే పిల్లవాడు పదో తరగతిలో తొంభై రెండు శాతం తెచ్చుకున్న రోజున మూడు గ్లాసులు అయ్యాయి. పరీక్షలకు ముందు ఉక్కపోతకు చదవలేకపోతున్నాడని తన టేబుల్ ఫ్యాన్ వాడికిచ్చింది ఆమే. రిజల్టు వచ్చాక పేడాలు పంచడానికి వచ్చిన వాళ్లమ్మతో, "మార్కులు నా ఫ్యాన్‌కు అచ్చినయ్, మీవోడు ముందల కూసున్నడు గంతే" అంది. పూనమ్ సిగ్గుతో వంటింట్లోకి పోయింది.

అయితే ఇవన్నీ చిల్లర ఈర్ష్యలు. అసలైనది ఎదురింటి రఖమాబాయి మీద. ఆ ఊళ్లో చిన్నపిల్లల మెడలో చక్కెర పేర్లు పడనిదే హోళీ కాదు. దారానికి గుచ్చినట్టుండే తెల్లటి చక్కెర పూల దండలవి. అందరూ బజారులో కొంటారు, రఖమాబాయి మాత్రం ఇంట్లో పోస్తుంది. పోయడమంటే ఒక్కతే కాదు, గల్లీ పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని. నీళ్లలో నానిన చెక్క అచ్చులు తుడవడం పిల్లల పని. అచ్చు గాడిలో దారం పరచడం వాళ్ల పనే. ఆమె వేడి పాకం పోస్తుంది, అది గట్టిపడి తెల్లబడేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

హోళీకి ముందు సుందరబాయి మనవడు సంకేత్, మనవరాలు సాయలి అన్నం కూడా అక్కడే తినేవాళ్లు. ఇంటికొచ్చి, ఎదురింటి అవ్వను మరాఠీలో ఆజీ అంటూ, "బాపమ్మా, రఖమా ఆజీకి ఎన్ని అస్తయో" అనేవాళ్లు. "గదేం గొప్ప" అని నాలుగో గ్లాసు అడిగేది సుందరబాయి. చెప్పుకుంటే సిగ్గు గానీ, అప్పుడు పూనమ్‌కు కూడా కడుపులో కాస్త చురుక్కుమనేది. కన్నది తను, ఆజీ ఆజీ అని కలవరించేది ఆమెను. ఒకసారి ఎవరూ చూడకుండా తనూ అరగ్లాసు తాగింది.

ఈ ఏడు సంక్రాంతి దాటాక రఖమాబాయి స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ గరిటె పట్టుకుంటే చెయ్యి వణికేది. ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ పుల్ల కూడా ఎత్తనివ్వలేదు. అచ్చులు అటక ఎక్కాయి. చూడబోయిన పూనమ్‌తో ఆమె, "నా పనైపోయింది బిడ్డా, ఈసారి పిల్లలకు బజార్ల కొనుండ్రి" అంది. పిల్లలు ఆ గడప తొక్కడం తగ్గించారు. ఆమె రోజంతా గోడకు ఆనుకుని ఒళ్లో చెయ్యి పెట్టుకుని కూర్చునేది.

ఇక అత్తమ్మ సంబరపడుతుందని పూనమ్ అనుకుంది. అదేమీ కాలేదు. మూడు వారాలు సుందరబాయి మజ్జిగే అడగలేదు, కుండలో పులిసిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గుమ్మం వైపు చూస్తూ, పక్కింటికి కొత్త టీవీ వచ్చిందన్నా పలకలేదు. విశ్వేశ్వర్ భయపడి, నిజంగానే డాక్టరుకు చూపిద్దామన్నాడు.

పండగ నాలుగు రోజులుందనగా ఆమె లేచి గల్లీ మధ్యలో నిలబడి, ఈ ఏడు పేర్లు మా ఇంట్లోనే, పిల్లలందరూ మా దగ్గరికే రావాలని ప్రకటించింది. ధర్మాబాద్‌లో ఉన్న తమ్ముడు రామకిషన్‌కు ఫోను చేస్తే అచ్చులు రైల్లో వచ్చాయి. గల్లీ నోరు నొక్కుకుంది. పాపం ఆమె చెయ్యి విరిగితే ఈమె గద్దె ఎక్కుతోందని నాగనాథ్ భార్య పూనమ్ ముందే అంది. 

మర్నాడు పొద్దున దుకాణం నుంచి పెద్ద గిన్నె వచ్చింది. ఎనిమిది మంది పిల్లలు చుట్టూ చేరారు. వాకిలి తలుపులు రెండూ బార్లా తెరిచి, ఎదురింటికి వినబడేట్టు ఒక్కో పనీ అరిచి చెబుతూ మొదలుపెట్టింది సుందరబాయి. నాలుగు కిలోల చక్కెర మరిగింది. పాలచుక్క వేసి మురికి తీసింది. పిల్లలు అచ్చులు తుడిచి వరసగా పెట్టారు.

"బాపమ్మా, దారం ఏది?" అన్నాడు సంకేత్.

"గదేం గొప్ప. దారం లేకుంటే పేర్లు కావా?" అంటూ పాకం పోసేసింది.

అచ్చు తిరగేసి కొడితే పువ్వులన్నీ విడివిడిగా నేలమీద దొర్లాయి. మెడలో వేసుకోవడం కాదు కదా, చేత్తో ఏరుకోవడమే కష్టమైంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఈ వార్త మోసుకుని సాయలి ఎదురింటికి పరుగెత్తింది, మిగతా ఏడుగురూ దాని వెనకే పోయారు. పూనమ్‌కు నేల చీలి తనను మింగితే బాగుండుననిపించింది.

రెండు నిమిషాల్లో రఖమాబాయి వాకిట్లో ఉంది. కొంగు బొడ్లో దోపుకుంది, ఎడమచేతిలో దారం ఉండ. గల్లీలోకి ఆమె అడుగుపెట్టి నెల దాటింది.

"అగ బాయీ, గిదేంది సుందరా? దారం మరిసే మనిషివా?"

"మరిసిన. నీకేమన్న నొప్పా?"

"లే, పీట జరుపు. గంత పల్సటి పాకం ఎవలన్న పోస్తరా? మల్ల కరగబెట్టు."

విరిగిన పువ్వులన్నీ మళ్లీ గిన్నెలో పడ్డాయి. రఖమాబాయి పీట మీద కూర్చుని కళ్లతోనే పాకం చూసింది. పిల్లలు ఆమె చెప్పినట్టు దారాలు పరిచారు. గరిటె సుందరబాయి చేతిలో, హుకుం రఖమాబాయి నోట్లో. మెల్లగా పొయ్యమని ఈమె, పోస్తున్న కదా అని ఆమె, ఇద్దరూ మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. దండలు ఒక్కొక్కటే లేచాయి. రఖమాబాయి మొదటిది ఎడమచేత్తో సాయలి మెడలో వేసింది. వణుకుతున్న కుడిచెయ్యి ముడి వేయడానికి సాయపడింది.

"రఖమా ఆజీ లేకుంటే పేర్లే అయ్యేటివి కావు" అని సంకేత్ గట్టిగా తీర్పు చెప్పాడు. అందరూ అవునన్నారు. వాకిట్లో గుంపుగా నిలబడ్డ పెద్దవాళ్లూ అవునన్నారు.

"పూనమ్, జర సల్ల తే" అన్న కేక మూడు వారాల తర్వాత మళ్లీ వినబడింది.

పూనమ్ వంటింట్లోకి పోయి మజ్జిగ కుండ జరిపింది. దాని వెనక ఒక పేపరు పొట్లం కనబడింది. విప్పి చూస్తే దారాలు. పిల్లల మెడలకు సరిపోయే పొడవులో కత్తిరించి, కొసలకు ముళ్లు వేసి ఉన్నాయి. లెక్కబెట్టింది, సరిగ్గా ఎనిమిది. వెనక అలికిడైతే తిరిగి చూసింది, సుందరబాయి నిలబడి ఉంది.

"అత్తమ్మా, దారం మరిసిన అన్నవ్?"

సుందరబాయి పొట్లం లాక్కుని మళ్లీ కుండ వెనక పెట్టేసింది. "ఏం జెయ్యాలె మరి? ఆమె గట్ల గోడకు ఒరిగి కూసుంటే నేనెవలిని జూసి కుళ్లాలె?"

 నాగనాథ్ రొట్టెల డబ్బా, మయూర్ టేబుల్ ఫ్యాన్ పూనమ్‌కు ఒక్కసారే గుర్తొచ్చాయి.

"రఖమాక్కకు జెప్పనా?" అంది చివరికి.

"జెప్పినవంటే నీ సంగతి సూస్త. నాకు మంచిపేరు అస్తది, గప్పుడు ఆమె కుళ్లుకుంటది. గా పని నాది."

అంతలో వాకిట్లోంచి వచ్చే ఏడు కూడా రఖమా ఆజీయే చెప్పాలని పిల్లల అరుపులు వినబడ్డాయి. సుందరబాయి ముఖం నిజంగానే కందిపోయింది. పూనమ్ నింపిన గ్లాసు అందుకుని గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు ముందుకు చాపింది.

"గదేం గొప్ప" అంది.

పూనమ్ అప్పటికే రెండో గ్లాసు నింపి పట్టుకుని ఉంది.